వగ్దీ బాబాయ్‌ని ఓడించిన గోడ

వగ్దీ బాబాయ్ గోడ కనిపిస్తే కొట్టకుండా ఉండలేడు. వేలి కణుపులతో టకటకా రెండు దెబ్బలు, చెవి ఆనించి వినడం, ఆపైన తీర్పు! పెళ్లిచూపులకు తీసుకెళ్తే పిల్లను చూడడు, హాలు గోడ కొడతాడు. చావింట్లో పరామర్శకు వెళ్లి, "అల్లా ఆయన్ని చల్లగా చూడాలి. ఈ గోడకు చెమ్మ పట్టిందమ్మా" అన్న ఘనుడు. నలభై ఏళ్లు తాపీపని చేసిన చెయ్యి మరి. "నన్ను మోసం చేసే గోడ అలెగ్జాండ్రియాలో ఇంకా పుట్టలేదు" అని వీధి వీధంతా వినేలా చెప్పుకునేవాడు.

పుట్టింది. పాపం, అదే వీధిలో ఉండే ఇబ్తిహాల్ టీచర్ కొత్తగా కొన్న ఫ్లాట్‌లోనే పుట్టింది.

ఇరవై రెండేళ్ల జీతం పోసి కొన్న ఇల్లు. కొనేముందు బాబాయ్ ప్రతి గోడా కొట్టి, "నిక్షేపంలా ఉంది, కొనుక్కో తల్లీ" అన్నాడు. నాలుగో నెలలో, పొద్దున్నే తింటున్న ఫూల్ చిక్కుళ్ల గిన్నెలో సిమెంటు పెచ్చు పడింది. మర్నాటికి గోడ నిలువునా చీలింది. లోపల స్తంభం ఉప్పుగాలికి కుళ్లిపోయి, ఇనుప చువ్వలు నలిపితే పొడి అవుతున్నాయి. అమ్మిన హాజీ సఫ్వత్ దాని మీద బెత్తెడు మందాన పూత పూయించి, శుభ్రంగా రంగేయించాడు. ముసలితల్లిని చెల్లెలింటికి పంపేసి, హాజీకి నోటీసిచ్చి, ఇబ్తిహాల్ వకీలు దగ్గరకు పరుగెత్తింది.

"తెలిసిన వెంటనే వాళ్లకు నోటీసిచ్చారు, మంచి పని చేశారు" అన్నాడు వకీలు. "ఇల్లు తిరిగిచ్చేసి డబ్బు అడగొచ్చు. ఉంచుకుంటే తగ్గిన విలువ అడగొచ్చు."

"నెత్తిన పడే ఇల్లు ఉంచుకుని ఏం చేసుకోనండీ?"

"అయితే తిరిగిచ్చేద్దాం. కానీ లోపం తెలిసే కొన్నారని వాళ్లు రుజువు చేస్తే మనం మునిగినట్టే."

హాజీ సరిగ్గా అదే పట్టుకున్నాడు. సాక్షిగా వగ్దీ బాబాయ్‌నే పిలిపించాడు. "ఆ ముసలాడు గోడ చేతిలో ఓడిపోయానని చచ్చినా ఒప్పుకోడు, ముందే కనిపెట్టి చెప్పానంటాడు" అని కోర్టు వరండాలోనే నవ్వాడు. ఇబ్తిహాల్ ఆ నవ్వు వింది. ఆ మాట నిజమని ఆమెకూ తెలుసు.

బాబాయ్ బోనెక్కగానే దాన్ని టకటకా కొట్టాడు.

"ఏమిటా పని?" అన్నాడు జడ్జి.

"చెదలున్నాయండీ."

హాలంతా గొల్లున నవ్వింది. హాజీ వకీలు తియ్యగా అడిగాడు. "మీ చెవికి తిరుగులేదట కదా! ఈ గోడ డొల్ల అని అప్పుడే కనిపెట్టి ఆవిడకు చెప్పే ఉంటారు?"

వీధి జనమంతా చూస్తున్నారు. బాబాయ్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"లేదండీ. కొట్టాను, వినబడలేదు. మోసపోయాను. కొనుక్కోమని నేనే చెప్పాను." జడ్జి వైపు తిరిగాడు. "పదేళ్ల కింద మా తమ్ముడి ఇల్లు కూలి అందరూ పోయారు. ప్రతి శుక్రవారం ఆ ఇంట్లో భోంచేసినవాణ్ణి, ఒక్కనాడూ గోడ కొట్టి చూడలేదు. అప్పట్నుంచి అందరి గోడలూ కొడుతున్నా. నాకే వినబడనిది ఈ పిల్లకేం తెలుస్తుందండీ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మకం రద్దయింది, డబ్బంతా తిరిగి ఇమ్మన్నారు.

బయట బాబాయ్ చేతులు జేబుల్లో దాచుకుని తప్పుకు పోతుంటే ఇబ్తిహాల్ అడ్డం నిలబడింది.

"ఇంకో ఇల్లు చూడాలి బాబాయ్. ఎప్పుడొస్తారు?"

"నా చెవిని ఇంకా నమ్ముతావా తల్లీ?"

"అబ్బే, ఈసారి ఇంజినీరుని తెస్తున్నా. మీరు నాకు తోడుగా రండి."

"ఇంజినీరా! వాడు గోడ కొడతాడా?"

"కొట్టడు. మిషను పెట్టి చూస్తాడు."

"చూశావా మరి!" బాబాయ్ చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. "పొద్దున్నే వస్తా. వాడికంటే ముందే వస్తా."