కామెర్లకు కాగితం లేదు

ఈ ఉదయం మా చెల్లెలి కూతురు బొరుగుల ఉగ్గాని గిన్నె ముందర పెట్టుకుని, తినకుండా చెంచాతో కెలుకుతూ కూర్చుంది. ఆ పిల్ల ఉగ్గానిని వద్దనడం నేనెన్నడూ చూడలేదు. అనుమానమొచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టాను. కాలిపోతోంది. లీవు పెట్టమన్నాను. "చేరి ఆరు నెల్లు కూడా కాలేదు పెద్దమ్మా, ఇప్పుడే లీవంటే యాడ కుదురుతాది?" అని మాత్ర మింగి, బ్యాగు తగిలించుకుని కర్నూలు ఎండలోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం దాని మీద కాదు. ఎవరి మీదో చెప్పాలంటే రెండేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పుడే బి.ఎస్సీ. కెమిస్ట్రీ పాసయింది. మెట్ట సేద్యం చేసుకునే ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి అది. మంగంపేట వైపు ముగ్గురాయిని పొడి కొట్టే ఒక కంపెనీ ల్యాబులో ఉద్యోగం దొరికింది. మొదటి ఆరు నెలలు ట్రైనీ, ఆ తర్వాత పర్మనెంటు. ఆ ఆదివారం మా చెల్లెలు చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. కంపెనీ పేరు నోరు తిరగక "నా బిడ్డకు రాళ్ళాఫీసులో ఉద్యోగమొచ్చినాది, దేవునికి స్తోత్రం" అంటే చర్చంతా చప్పట్లు కొట్టింది. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు పిల్ల జడలోంచి ఆ తెల్ల పొడి రాలుతూనే ఉంది. ఉద్యోగంలో చేరగానే ముసలిదానివైపోయావే అని నేను ఏడిపించాను.

మూడో నెలలో కామెర్లు వచ్చాయి. అది ఉంటున్న హాస్టలు నీళ్ళు ఎలాంటివో నేను చెప్పక్కర్లేదు. కడపలో ఒక డాక్టరు రక్తపరీక్ష చేయించి, పూర్తిగా విశ్రాంతి తీసుకోమని, వారం తర్వాత మళ్ళీ రమ్మన్నాడు. పిల్ల సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే "పూర్తిగా తగ్గినాకనే రామ్మా" అన్నాడు. ఇంటికి తీసుకొచ్చేశాం. ఆ తర్వాత చేసిన తప్పు నాదే. మా వైపు కామెర్లంటే పసరే. డాక్టరు ఎంత చెప్పినా రెండోసారి ఆయన గుమ్మం ఎక్కేవాళ్ళు తక్కువ. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పిన నేనే ముందు నడిచి, పత్తికొండ దగ్గర ఒక పల్లెలో పసరు పోసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయాను. వరసగా మూడు ఆదివారాలు పొద్దున్నే పరగడుపున పోవాలి. ఆరాధనకు ఎందుకు రావట్లేదని అడిగితే మా చెల్లెలు పొలం పనులని పాస్టరుగారితో బొంకింది. మూడో ఆదివారం చూస్తే ఆ వరసలో పాస్టరుగారి అమ్మ, మనవరాలిని చంకనేసుకుని నిలబడి ఉంది. ఆమె, మా చెల్లెలు ఒకరినొకరు చూడనట్టే పిల్లలకు పసరు పోయించుకుని వచ్చేశారు.

ముసలాయన పైసా ముట్టలేదు. "దుడ్లు తీసుకుంటే మందు పన్జెయ్యదు తల్లీ. ఉప్పు, పులుపు మాత్రం ముట్టుకోవద్దు" అన్నాడు. దుడ్లే తీసుకోని మనిషిని కాగితం అడగాలని ఎవరికి తోస్తుంది? పథ్యంతోనో, విశ్రాంతితోనో, పసరుతోనో, పిల్ల కళ్ళు తెల్లబడ్డాయి. ఇరవై నాలుగు రోజుల తర్వాత సంబరంగా డ్యూటీకి పోయింది.

గేటు దగ్గరే ఆపేశారు. డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు. చేతిలో ఉన్నది ఒక్క రోజు రక్తపరీక్ష చీటీ. కడప డాక్టరు దగ్గరికి పరుగెత్తితే "మళ్ళీ రమ్మంటే రాలేదు. నేను చూడని రోజులకు ఎట్ల రాసిచ్చేది?" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. చివరికి నేనే కంపెనీకి పోయాను. నా దగ్గర చదివిన పిల్లల వయసే ఉంటుంది ఆ ఆఫీసరుకు.

"మేడం, లీవు లెటర్ లేదు, సర్టిఫికెట్ లేదు. రోగమొచ్చినట్టు మాకెట్ల తెలియల్ల?"

"మీ సూపర్‌వైజరే తగ్గినాక రమ్మన్నాడు కదప్పా! ఈడనే ఉండాడు, అడుగు."

సూపర్‌వైజరు గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. ఆ మౌనాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. అనుమతి లేని గైర్హాజరు కారణంగా తొలగించాం అని ఒక కాగితం పిల్ల చేతిలో పెట్టారు. జబ్బు పడినందుకు లేని కాగితం, పంపేయడానికి మాత్రం నిమిషంలో తయారైంది.

ఆ తర్వాత ఎక్కడికి పోయినా అదే ప్రశ్న. మూడు నెలలకే ఎందుకు మానేశావు? కామెర్లొచ్చాయని ఉన్నమాట చెప్పేది. మళ్ళీ వస్తాయా అని అడిగేవాళ్ళు, కొత్తగా కొనే ఎద్దును పరీక్షించినట్టు ఎగాదిగా చూసేవాళ్ళు. కబురు చేస్తామనేవాళ్ళు. ఒక్కరూ చేయలేదు. నాలుగోచోటా అంతే అయ్యాక, రాళ్ళాఫీసు ఊసెత్తొద్దని, ఇంట్లో పోటీ పరీక్షలకు చదువుకున్నానని చెప్పమని నేనే అన్నాను. పిల్ల నా మొహంలోకి సూటిగా చూసింది. "రోగమొచ్చిందని చెప్తే తప్పా పెద్దమ్మా? నేనేమన్నా దొంగతనం చేసినానా?" నిజం చెప్పమని వేలమంది పిల్లలకు చెప్పినదాన్ని, ఆ ఒక్క పిల్ల చేత మాత్రం ఆ అబద్ధాన్ని రెండుసార్లు వల్లె వేయించాను. ఐదోచోట నేను నేర్పిన అబద్ధమే చెప్పింది. ఉద్యోగం వచ్చింది. మా చెల్లెలు మళ్ళీ సాక్ష్యం చెబుతుంటే పిల్ల తల వంచుకుని కూర్చుంది. అప్పటినుంచి నా దగ్గరే ఉండి, ఈ ఊరి ల్యాబులో పనికి పోతోంది. ఒళ్ళు బాగాలేదనే మాట మళ్ళీ దాని నోట రాలేదు.

ఇందాక థర్మామీటరు కోసం బీరువా వెతుకుతుంటే, రిటైరైనప్పుడు తీయించుకున్న నా సర్వీసు రిజిస్టరు జిరాక్సు దొరికింది. డోన్ బడిలో చేరిన మొదటి ఏడాదే నాకు టైఫాయిడ్ వచ్చింది. నేనూ అప్పటికి పర్మనెంటు కాలేదు. మా హెడ్మాస్టరు లీవు ఫారం తానే నింపి ఇంటికి తెచ్చి, నా వేళ్ళ మధ్య పెన్ను పెట్టి సంతకం చేయించుకున్నాడు. "సర్టిఫికెట్ నిదానంగా తెద్దువులేమ్మా, ముందు నువ్వు లేచి కూర్చో" అన్నాడు. నలభై రోజుల ఆ జబ్బు రిజిస్టరులో ఒక్క వరుసలో ఉంది. దాని గురించి నన్ను ఎవరూ, ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం పిల్ల రాగానే డాక్టరు దగ్గరికి లాక్కుపోతాను. మందు కంటే ముందు కాగితం అడగాలని నాకూ తెలిసొచ్చింది, అదే నాకు సిగ్గుగా ఉంది. మంచంలో పడున్న నా నలభై రోజులు ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఎక్కడ కలిసిపోయాయో నాకే గుర్తు లేదు. దాని ఇరవై నాలుగు రోజులు మాత్రం ఇంకా గడవనే లేదు.