అరవై అయిదు వాట్ల భయం

కమలాపురంలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే అంగడి నాది. కాలిన కాయిల్ వాసన చూసే అది ఎందుకు కాలిందో చెప్పగలనని నాకు గొప్ప. ఆ గొప్పే మా పాప కొంప ముంచింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త వస్తువు ఏదైనా సరే, నన్ను అడగనిదే ఎవరూ ప్లగ్గులో పెట్టకూడదు. పాప చిన్నప్పటి నుంచీ అలాగే నడుచుకుంది. చదువు అయ్యాక ల్యాప్‌టాప్‌కు ఒక కొత్త చార్జరు తెప్పించుకుని, ఫోనుకు కూడా ఇదొక్కటే చాలని నాకు చూపించింది. అరచేతిలో ఇమిడేంత ఉంది. రెండు వైర్లు పెట్టుకోవచ్చు. దాని మీద అరవై అయిదు వాట్లని ఉంది. మా పాత ఫోను చార్జరు తిప్పి చూస్తే అయిదు వాట్లే. ల్యాప్‌టాప్‌కు సరే గానీ ఫోను జోలికి తీసుకుపోవద్దని చెప్పేశాను.

బెంగళూరు కంపెనీ ఒకటి ఆమెను రెండుసార్లు పరీక్షించి, చివరి ఇంటర్వ్యూ వీడియోలో పెట్టింది. పదకొండు గంటలకు. ఆ రోజు పొద్దున్నే లైను పని ఉందని కరెంటు తీశారు. నా ఫోను చార్జి అయిపోయి అప్పటికే ఆగిపోయింది. ఇంటర్నెట్టుకు పాప ఫోనే దిక్కు, దాంట్లో చార్జి నాలుగు శాతమే మిగిలింది. పావు తక్కువ పదకొండుకు కరెంటు రాగానే ఆమె పరుగున వచ్చి ఫోనును కొత్త చార్జరుకు తగిలించింది.

"దాంట్లో ఏమిటికి పెడ్తాండావు? ఫోను కాలిపోతాది."

"కాలదు నాయనా. దానికి ఎంత కావాల్నో అంతే తీసుకుంటాది."

"ముప్పై ఏండ్ల నుంచి కాలినవే చూస్తాండా. నువ్వు నాకు చెప్తాండావా?"

వైరు పీకి, పాత చార్జరు నేనే పెట్టాను. ఆమె ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఎదురు చెప్పకుండా పెంచింది నేనే కదా.

పావుగంటలో ఆ పాత చార్జరు ఫోనుకు ఎక్కించింది ఏ పాటి? ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికి కరెంటు మళ్లీ పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది గానీ, ఫోను ఆగిపోయి ఇంటర్నెట్టు తెగిపోయింది. తలుపు సందులోంచి చూస్తే పాప కదలని తెర ముందు నోరు సగం తెరిచి కూర్చుని ఉంది. తర్వాత జరిగింది చెప్పి కంపెనీకి మెయిలు పెట్టింది. వాళ్లు వేరే ఎవరినో తీసుకున్నారు.

కొన్నాళ్లకు ఫోను అంగడి అబ్బాయిని ఊరికే అడిగాను. పెద్ద చార్జరుతో ఫోను కాలదని, ఫోను అడిగినంతే అది ఇస్తుందని చెప్పాడు. ల్యాప్‌టాప్, ఫోను రెండూ ఒకేసారి పెడితే ఆ వాట్లనే పంచుకుంటాయట. చూసుకోవాల్సింది చార్జరు మంచిదేనా, వైరు ఆ బరువు మోసేదేనా, ప్లగ్గు వదులుగా ఉందా అన్నవేనట. పరుపు మీద, దిండు కింద పెట్టొద్దన్నాడు. వింటుంటే తల కొట్టేసినట్టయింది. మోటారు లోడును బట్టే కరెంటు గుంజుతుందని రైతులకు రోజూ చెప్పే నోరు ఇది. ఇంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచే కరెంటు తీసుకుంటూ మా అంగట్లో తొమ్మిది వాట్ల బల్బు ఏళ్ల తరబడి వెలుగుతోంది. ఓల్టేజీ పెరిగి కాలిన మోటార్లను చూసీ చూసీ వాట్లకు కూడా భయపడ్డాను. నా పనిలో నాకు తెలిసిన సంగతే నా బిడ్డ చెబితే వినలేకపోయాను.

పాపకు తర్వాత కర్నూలులో చిన్న ఉద్యోగం దొరికింది. ఆమె కోరుకున్నది అది కాదు. ఆ రోజు మాట ఇద్దరమూ ఎత్తలేదు.

పోయిన నెల ఇంటికి వచ్చినప్పుడు సంచిలోంచి రెండు చార్జర్లు తీసి గోడ ప్లగ్గుల్లో పెట్టింది. ల్యాప్‌టాప్‌కు ఆ అరవై అయిదుది, ఫోనుకు విడిగా ఒక చిన్నది.

"పెద్దదాంట్లో ఇంకో వైరు పెట్టే సందు ఖాళీగానే ఉండాది గదమ్మా. ఈ రెండోది ఏమిటికి?" అన్నాను.

"కర్నూల్లో ఒక్కటే వాడతా నాయనా. ఈడికి వచ్చేటప్పుడు రెండూ తెచ్చుకుంటా. నువ్వు గాబరా పడ్తావు గదా."

కోపంగా అనలేదు. అలవాటుగా అంది. తప్పు నాదేనమ్మా అని చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. మాట నోటి దాకా వచ్చింది కూడా.

"ఆ ప్లగ్గు లూజుగా ఉండాది, పక్కదాంట్లో పెట్టు" అన్నాను.

ఆమె చిన్న చార్జరును తీసి పక్కదాంట్లో పెట్టింది.