నలభై శాతం బుగ్గ

ఆ రోజుల్లో అనగానే నా నిక్కర్ల కాలం చెప్పబోతున్నానని పాఠకులు అనుకోవచ్చు. కాదు. ఇది నాకు అరవై రెండో ఏట వచ్చిన యవ్వనం గురించి. అది సరిగ్గా పద్దెనిమిది రోజులు నిలిచింది. గణాంకాల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన నేను ఆ దారి పట్టడానికి కారణం మా చిన్నమ్మాయి ప్రధానపు వేడుక. బిట్రగుంట చర్చిలో నిశ్చితార్థపు ప్రార్థన ముగియగానే, వాకాడు నుంచి వచ్చిన పెండ్లికొడుకు నాయనమ్మ నన్ను చూపించి, "పెండ్లికూతురి తాతగారిని కూడా ఫొటోకు పిలవండయ్యా," అన్నది. నాకన్నా రెండేళ్ల ఏడు నెలలు మాత్రమే చిన్నదైన మా ఆవిడ ఆ రోజంతా నన్ను ఎంతో గౌరవంగా 'తాతగారూ' అనే పిలిచింది. పెండ్లినాడు అమ్మాయిని చెయ్యిపట్టి నడిపించేటప్పుడు ఆ మాట మళ్లీ వినపడరాదని తీర్మానించుకొన్నాను.

అమ్మాయి అద్దం దగ్గర సి విటమిన్ సీరం సీసా ఒకటి ఉండేది. దాన్ని వాడే విధానం అడిగితే ఓపికగా చెప్పింది. అది పది శాతం మందనీ, ముందుగా చెవి వెనక రాసి రెండు రోజులు చూడాలనీ, ఆ తర్వాత రోజు విడిచి రోజు ఉదయం మూడు చుక్కలు చాలుననీ, మంట పుడితే వెంటనే మానాలనీ, ద్రవం గోధుమరంగుకు తిరిగితే పారబోయాలనీ, పైన సన్‌స్క్రీన్ రాయకుండా ఎండలోకి వెళ్లరాదనీ ఆమె మాటల సారాంశం. అన్నీ వరుస సంఖ్యలతో రాసుకొన్నాను. తర్వాత సొంతంగా లెక్క వేశాను. పెండ్లికి గడువు పద్దెనిమిది రోజులే. పది శాతం మందును రోజుకు నాలుగు సార్లు రాస్తే నలభై శాతం. (శాతాలను అలా కూడరాదని కొత్త గుమాస్తాలకు ఏటా బోధించినవాణ్ణి నేనే.) చెవి వెనక పరీక్ష కాలయాపన అని కొట్టివేశాను. పోల్చి చూసే పద్ధతిని మాత్రం వదలలేదు: మందు ఎడమ బుగ్గకే, కుడి బుగ్గ యథాతథం. ఫలితం రుజువైతే చివరి వారంలో కుడివైపు మొదలుపెట్టాలని ప్రణాళిక.

తొమ్మిదో రోజున మంట మొదలైంది. 'మందు పనిచేయుచున్నది' అని నమోదు చేసుకొన్నాను. పదిహేనో రోజున శుభలేఖలు పంచడానికి మైపాడు వెళ్లి, వలలు ఆరేసిన ఇసుకలో మిట్టమధ్యాహ్నం దాకా తిరిగాను. (సన్‌స్క్రీన్ నా జాబితాలో ఆరో అంశం, నేను ఇంకా ఐదు దాటలేదు.) ఇంటికి చేరేసరికి అమ్మాయి గుమ్మంలోనే ఆపి, నా గడ్డం పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాయనా, నీ మొగం రెండు జిల్లాల మాదిరి ఉంది. నాలుగు సార్లు రాయమని ఎవురు చెప్పినారు నీకు?"

లెక్క చెప్పిందన్నాను.

"లెక్కలు మొగానికి పూసుకోరు నాయనా," అంటూ సీసా లాక్కొని దాచేసింది. ఆపైన చన్నీళ్లూ, వాసనలేని మామూలు క్రీమూ తప్ప మరేదీ తాకనివ్వలేదు. అయినా మూడు రోజుల్లో ఏ బుగ్గ మానుతుంది?

పెండ్లినాడు ఎర్రగా పొరలు లేచిన ఎడమ బుగ్గతో, కుమార్తె చెయ్యి పట్టుకొని నడిచాను. మగపెండ్లివారు కూర్చున్నది సరిగ్గా ఎడమ వరుసలోనే. నాయనమ్మగారు కళ్లజోడు సర్దుకొని నన్ను చూడటం చూసి, నా పని అయిపోయిందనుకొన్నాను. ఆమె పక్కనున్నావిడతో, చర్చి అంతటికీ వినపడే రహస్యంగా అన్నది: "పాపం, తెల్లారినకాణ్ణుంచీ ఏడస్తానే ఉన్నట్టుంది ఆ మనిషి. తుడిచి తుడిచి బుగ్గ మీద తోలు లేచిపొయ్యింది చూడు. కన్నతండ్రికి గాక ఇంకెవురికి ఉంటదమ్మా ఆ బాధ."

ముందు వరుసలో మా ఆవిడ పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకొన్నది. ఆమె భుజాలు అదురుతున్నాయి. అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా చెయ్యి కొంచెం గట్టిగా పట్టుకొన్నది. అప్పటిదాకా పొడిగా ఉన్న నా కుడి బుగ్గ కూడా అక్కడే తడిసింది.

ఆ నాటి ఫొటో మా ముందుగదిలో ఉంది. దాన్ని తుడిచినప్పుడల్లా ఆగి చూస్తాను. అందులోని మనిషి నాకన్నా ఆరేళ్లు చిన్న. జుట్టు కూడా నాకన్నా ఎక్కువే. ఎంత పడుచువాడు, పాపం, తాను ముసలివాణ్ణనుకొన్నాడు.