బొటనవేలు పైకప్పు చూడాలి

ఆ స్కాన్ గది టెక్నీషియనుకు ఒకటే పిచ్చి: ఎవరి పాదమైనా వంకరగా కనిపిస్తే ఊరుకోలేడు. లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాడి బూటునైనా తన బూటుతో తిన్నగా నెట్టేస్తాడు. ఇంట్లో ఆయన భార్య కాళ్ళు దుప్పట్లో దాచుకుని పడుకుంటుందని వినికిడి. ఆస్పత్రిలో అందరూ ఆయన్ని పాదాల మాస్టారంటారు.

బస్సు కండక్టరమ్మకు తుంటి కీలు మార్చి ఏడాదైంది. లోపల దించిన లోహపు కడ్డీ బరువంతా మోస్తుంటే, చుట్టూ ఉన్న ఎముక సోమరిపోతై పలచబడుతుందట. ఆరు నెలల స్కానులో కొంత తగ్గింది. అది మామూలేనన్నారు డాక్టరు. ఈసారి కూడా బాగా తగ్గితే మాత్రం కడ్డీ వదులు కావచ్చు, మళ్ళీ కోయాల్సి రావచ్చన్నారు. అప్పట్నుంచి ఆవిడకు అన్నం సయించడం లేదు. ఇవాళ ఏడాది స్కానుకు బల్లెక్కింది.

"అక్కా, బొటనవేలు పైకప్పు చూడాలి!"

"చూస్తోంది నాయనా!"

"ఎక్కడా? కిటికీ చూస్తోంది!"

పాదాన్ని చెక్క దిమ్మకు ఆనించి, బెల్టు బిగించి, కొలిచి, విప్పి, మళ్ళీ కట్టాడు. "ఈపాటికి మా బస్సు డిపో చేరేది" అని విసుక్కుందావిడ. ఆయన తెర వెనక్కి వెళ్ళగానే బెల్టు కాస్త వదులు చేసుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అంకె వచ్చింది. ఆరు నెలల నాటికంటే పద్దెనిమిది శాతం తగ్గుదల!

"మళ్ళీ కత్తేనా తమ్ముడూ?"

మాస్టారు పాత బొమ్మనూ కొత్త బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూసి, ఒక్కసారిగా ఎగిరి గంతేశాడు.

"తొడ ఎముక మీద ఈ బుడిపె చూడండి! అప్పుడు బఠాణీ గింజంత, ఇప్పుడు ద్రాక్షపండంత! ఎముక తగ్గలేదక్కా, కాలు పక్కకి తిరిగి అంకె తప్పొచ్చింది! మళ్ళీ పడుకోండి! బొటనవేలు పక్కకి చూసినందుకు మనిషిని కోసేస్తారా? ఇందుకే కదా నా గోలంతా!"

ఈసారి ఆవిడ ఊపిరి కూడా ఆయన్ని అడిగే పీల్చింది. అంకె వచ్చింది. ఆరు నెలల నాటి అంకెకూ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు!

"నిలబడింది! ఎముక నిలబడింది!" ఆ కేకకు వరండాలో ఉన్నవాళ్ళంతా తలుపు దగ్గర మూగారు. కండక్టరమ్మ ఏడుస్తూ నవ్వేసింది.

అంతలో డాక్టరు తన కంప్యూటర్లో రెండు స్కానులు చూసి ఫోన్ చేశారు, రెండుసార్లు ఎందుకు తీశావని.

"తప్పు నాదే సార్. బెల్టు సరిగ్గా కట్టలేదు."

అవతలి అరుపులు ఆవిడ చెవిన కూడా పడ్డాయి. ఆయన ఫోన్ పెట్టేశాక సిగ్గుతో మెల్లగా చెప్పింది.

"తమ్ముడూ, బెల్టు వదులు చేసింది నేనే."

"తెలుసక్కా. నేను కట్టిన బెల్టు నాకు తెలీదా?"

"మరి ఆయనకి చెప్పలేదేం?"

"మిమ్మల్ని తిడితే వారం రోజులు బాధపడతారు. నేనైతే మధ్యాహ్నం భోజనం కూడా మానను."