నలభై ఒక్క రోజుల పరిశీలన

వేముల దగ్గర ఒక పల్లెలో కోదండపాణి ఏకోపాధ్యాయుడు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి నాలుగేళ్లయింది. 1959లో శిక్షణ పరీక్షకు కట్టినప్పుడు మనస్తత్వ శాస్త్రం చెప్పే మేష్టారు అందరికీ ఒక పని పెట్టాడు. ఒక మనిషిని ఎంచుకోండి, అతనికి తెలియకుండా గమనించండి, కంటికి కనబడిందే రాయండి, సొంత అభిప్రాయం ఒక్క ముక్క కూడా కలపొద్దు అన్నాడు. తక్కిన అయ్యవార్లు ఏ నత్తి పిల్లవాణ్నో చూసినట్టు ఇంట్లో కూర్చుని రాసేశారు. కోదండపాణికి అది చేతకాలేదు. బడి కిటికీకి ఎదురుగానే నరసింహయ్య అరుగు. రెండు ఖూనీల కేసులో కోర్టు వదిలేసిన మనిషి. చంపినవాడు ఆ తర్వాత ఎలా బతుకుతాడో తెలుసుకోవాలని కోదండపాణి మనసు పీకేది.

నోటుపుస్తకం కొని వారం, వేళ వేసి రాసుకుంటూ పోయాడు.

'మంగళవారం, పొద్దున ఏడు. సైకిలు గొలుసు జారిన చప్పుడుకు చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అక్కడ వేటకొడవలి ఉంది.'

'గురువారం, మధ్యాహ్నం ఒంటిగంట. మొదటి ముద్ద కుక్కకు వేశాడు. అది మింగినాక చాలాసేపు దాన్నే చూశాడు. అప్పుడు తిన్నాడు.'

'శనివారం. మంగలిని వాకిట్లోకి రానివ్వలేదు. భార్య శేషమ్మే కత్తెరతో గడ్డం కత్తిరించింది.'

సోమవారాలు మాత్రం వేరు. మధ్యాహ్నం పన్నెండు దాటగానే నరసింహయ్య ఒంటరిగా బడి వెనక జొన్నచేలోకి వెళ్లేవాడు. అక్కడ జ్వరంతో పోయిన మూడేళ్ల కూతుర్ని పూడ్చిన చోటుంది. కొడవలి గట్టు మీద పెట్టి, వట్టి చేతులతో వెళ్లి అరగంట కూర్చునేవాడు. ఆరు సోమవారాలూ అంతే. కోదండపాణి ఆ వాక్యాల కింద గీత గీశాడు. తన చదువంతటికీ ఫలితం అదే అనిపించింది.

ఆ పల్లెల్లో ఒక మనిషి పోయే దారీ వచ్చే వేళా రాసిపెట్టుకునేవాడి పని ఏమిటో గొడ్లు కాసేవాళ్లకు కూడా తెలుసు. పూజారి ఇంట్లో పెరిగిన కోదండపాణికి అది తట్టలేదు.

నలభై ఒకటో రోజు శనివారం. ఒంటిపూట బడి వదిలిపెట్టగానే కొండయ్య ముగ్గురు మనుషులతో లోపలికొచ్చి తలుపు వేశాడు. నరసింహయ్య చంపిన ఇద్దరూ అతని అన్నదమ్ములే.

"ఏంది సామీ, ఒక కన్ను పిల్లోళ్ల మీద, ఇంకో కన్ను నరసింహయ్య మీద పెట్టినావంట?"

"అది శాస్త్రం అప్పా. పరీక్షకు రాస్తున్నా."

"మేమూ ఆ శాస్త్రమే చదువుతాండాం. మావోడు ఆర్నెల్లు కాపు కాసి కూడా తప్పినాడు. నువ్వు పాసైనావేమో చూస్తాం, చదువు."

నలుగురిలో ఎవరికీ అక్షరం రాదు. కోదండపాణి చదివాడు. సోమవారం వచ్చినప్పుడల్లా పేజీ దాటేశాడు. రెండో వారం సగంలో కొండయ్య చెయ్యెత్తాడు.

"ఆదివారం అయినాంక మంగళవారం వస్తాదా మీ బళ్లో?"

ఇద్దరు అతని కుడిచెయ్యి బల్ల మీద పరిచి పట్టుకున్నారు. కొండయ్య గంట కొట్టే ఇనప కమ్మీతో కొట్టాడు. చూపుడువేలు చితికింది. కోదండపాణి అరుస్తూనే పుస్తకం వైపు చూసి చెప్పాడు, సోమవారం నరసింహయ్య వెంట నలుగురు ఉంటారని.

"అబద్ధం కూడా అచ్చరాలు చూసే చెప్తాడు గదరా, పాపం," అన్నాడు కొండయ్య. రెండో దెబ్బకు ఇంకో వేలి ఎముక బయటికొచ్చింది. మూడో దెబ్బకు ముందే కోదండపాణి నిజం చెప్పేశాడు.

వాళ్లు వెళ్లగానే రక్తం కారుతున్న చేతికి పంచె కొస చుట్టుకుని వీధి దాటాడు. అరుగు మీద నరసింహయ్యకు అంతా చెప్పేశాడు.

"సోమవారం చేనికి పోవద్దు. నీ ప్రాణం తీస్తారు."

నరసింహయ్య చితికిన వేళ్లను చూశాడు. తర్వాత మొహం చూశాడు.

"నలభై దినాలు నన్ను చూసినోనివి, ఇప్పుడు నా మంచికి వచ్చినావా?"

"నా తప్పే. కాళ్లు పట్టుకుంటా."

"కొండయ్య వేళ్లు ఇరగ్గొట్టి పంపితే నమ్ముతా అనుకున్నాడు. సోమవారం నన్ను ఇంట్లో ఉంచి ఇల్లు కాలబెట్టాలని వాని ఎత్తు. పో సామీ, బాపనోడివని వదుల్తాండా."

శేషమ్మ గడపలోంచి, "పోనీ ఈ ఒక్క వారం పోవాకు," అంది. నరసింహయ్య కొడవలి సర్దుకుని లోపలికి పోయాడు. ఎవరినీ నమ్మని మనిషని నలభై ఒక్క రోజులు రాసిన కోదండపాణి, తనను నమ్ముతాడని ఎలా అనుకున్నాడో అతనికే అర్థం కాలేదు.

సోమవారం పన్నెండు దాటింది. బడి వెనక తలుపు దగ్గర నిలబడి కోదండపాణి చూశాడు. నరసింహయ్య కొడవలి గట్టు మీద పెట్టాడు. కూర్చోగానే జొన్నల్లోంచి నలుగురు లేచారు. మొదటి వేటు మెడ మీద పడింది. రెండోది అడ్డుపెట్టిన చేతిని మోచేతి దగ్గర తెంచింది. పడిపోయినా ఆపలేదు.

కోదండపాణి కేకలేస్తూ పరుగెత్తాడు. ఊళ్లోంచి శేషమ్మా, వెనకాల పదిమందీ వచ్చారు. ఆమె శవం తల ఒళ్లో పెట్టుకుంది. కొండయ్య పారిపోలేదు. జొన్నాకుతో కొడవలి తుడుచుకుంటూ, "ఎవురన్నా చూసినారా?" అని అడిగాడు. పదిమందీ నేలను చూశారు.

"నేను చూశాను," అన్నాడు కోదండపాణి. నలుగురి పేర్లూ, ఎవరి వేటు ఎక్కడ పడిందీ, అందరికీ వినబడేలా వరసగా చెప్పాడు.

"తిరిగి చెప్పు సామీ," అంది శేషమ్మ.

మొదటి పేరు మళ్లీ అంటుండగానే కొండయ్య అతని వైపు నడిచాడు.