తోక వెడల్పు తెప్ప

నా మరిది కుడి మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. అది నేను తెడ్డుతో కొట్టిన దెబ్బ. ఎందుకు కొట్టావని అడిగేవాళ్లకు నేను ముందు తెప్ప సంగతి చెబుతాను. తెప్పకు వెడల్పు ఎక్కడ పెట్టాలో తెలియకపోయి ఉంటే ఆ రోజు ఓడేది నేను, అతను కాదు.

కొల్లాపూర్ దగ్గర కృష్ణ డ్యాం వెనక నిలిచిన నీళ్ల ఒడ్డున మా ఊరు. డ్యాం నీళ్లు ఎక్కినప్పుడు చేలు, చెట్లు లోపలికి పోయాయి. ఎండిన మొద్దులు నీటి కింద ఇంకా నిలబడే ఉన్నాయి. అందుకే మా దగ్గర కూర్చుని చేపలు పట్టరు. నిలబడితేనే పైనుంచి మొద్దు నీడ కనిపిస్తుంది. కూర్చున్నవాడి వల చిరుగుతుంది, ఒక్కోసారి కడుపు కూడా.

నేను పుట్టింది గద్వాల వైపు. మా నాయన పుట్టి నడిపేవాడు. పుట్టి అంటే బుట్టలాంటి పడవ, గుండ్రంగా ఉంటుంది. దానికి తల లేదు, తోక లేదు. తెడ్డు ఎటు వేస్తే అటు తిరుగుతుంది గానీ తిన్నగా పోవాలంటే ఒళ్లు విరుగుతుంది. నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. పలక మీద ఠ రాసిన రోజు నాకు మా నాయనే కనిపించాడు, పుట్టి మధ్యలో చుక్కలా కూర్చుని.

అత్తగారి ఊళ్లో పుట్టి లేదు, తెప్ప ఉంది. థర్మాకోల్ దిమ్మెలు పక్కపక్కన పేర్చి, కింద వెదురు బద్దలు కట్టి, పైన యూరియా సంచులు కుట్టి తొడుగుతారు. మనిషి నిలువుకన్నా రెండు మూడు మూరలు పొడవు ఉంటుంది. దాని మీద నిలబడి పొడుగు తెడ్డు వేయాలి. నా మొగుడి తెప్ప చెప్పు ఆకారంలో ఉండేది, ముందు వెడల్పు, వెనక సన్నం. ఆయన భారీ మనిషి. వల కుప్ప ముందు వేసుకుని దాన్ని ఆనుకుని నిలబడేవాడు. బరువంతా ముందే కాబట్టి వెడల్పు కూడా ముందే ఉండాలి. ఆయనకు అది సరిపోయింది.

మా బెస్తోళ్లకు ఒక కట్టు ఉంది. ఇంటికో నీటి ముక్క. వానకాలంలో కొత్త ఎర్రనీళ్లు వచ్చి తేరుకున్నాక, గంగమ్మకు మొక్కిన రోజున, ప్రతి ఇంటి నుంచి ఒకరు తెప్ప మీద నిలబడి వల పరుస్తూ తమ హద్దు మొద్దు దాకా పోయి రావాలి. బయలుదేరే ముందు పెద్దమనిషి తెప్ప పైభాగమంతా తడి పసుపు పూస్తాడు. మోకాలు ఆనితే మోకాలికి పసుపు అంటుతుంది. అంటినా, అసలు ఎవరూ నిలబడకపోయినా, ఆ నీళ్లు పాలివాళ్లకు, అంటే అన్నదమ్ముల ఇళ్లకు పోతాయి. నిలబడ్డవాళ్లదే నీరు అన్నది మా మాట. ఆడది నిలబడవచ్చా అని ఎవరూ ఆలోచించలేదు. అప్పటిదాకా ఎవరూ నిలబడలేదు మరి.

ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం అది. బాంబు వేసి చేపలు పట్టే పిచ్చి కూడా అప్పుడే ముదిరింది. నా మొగుడూ మరిదీ కలిసి వేసేవాళ్లు. ఒక పొద్దున అది నా మొగుడి చేతిలోనే పేలింది. నేను ఒడ్డున వల బాగు చేస్తున్నాను. ఆ చప్పుడు రోజూ వినేదే. వెనకే వచ్చిన కేక రోజూ వినేది కాదు. పరుగెత్తి పోయి చూస్తే కుడి మణికట్టు కింద ఏమీ లేదు. కొంగు చింపి బిగించి కట్టాను. తల ఎత్తితే మరిది కనిపించాడు. అంతకుముందు వేసిన బాంబుకు తెల్లగా తేలిన చేపలు ఏరుతున్నాడు. అన్న అరుస్తూనే ఉన్నాడు, తమ్ముడు ఏరుతూనే ఉన్నాడు.

నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి ఆయనను ఇంటికి తెచ్చుకున్న వారానికే మరిది మా వాకిట్లోకి వచ్చాడు.

"వదినె, అన్న పని అయిపాయె. వానకాలానికి ఆ నీళ్లు నాకొస్తయి. ఊకె లొల్లి జెయ్యకుండ్రి."

"చెయ్యి పోయింది మీ అన్నకు. నాకు పోలె."

"నువ్వు నిలవడ్తవా?" అతను వాళ్లమ్మ వైపు చూసి నవ్వాడు. "పుట్టిల గుండ్రంగ దిరిగిన గద్వాల దానివి. నీళ్ల మీద బొంగరమాడ్తవా?"

"బొంగరం ముల్లు దిగితె తెలుస్తది."

చెంప మీద కొట్టాడు. నేను పొయ్యిలో మండుతున్న కట్టె లాగి తొడకు ఆనించాను. లుంగీ కాలింది, కింద తోలు కూడా కాలింది. మా అత్త ఇద్దరినీ తిట్టింది, నన్ను కొంచెం ఎక్కువ.

ఆ నీళ్లు పోతే మాకు వేరే తిండి లేదు. గుంట భూమి లేదు. ఒంటి చేతి మొగుణ్ణి కూలికి ఎవరూ పిలవరు. కాబట్టి మర్నాడే నా మొగుడి తెప్ప ఎక్కాను.

అది నిజంగానే బొంగరంలా తిరిగింది. నేను పొట్టిదాన్ని, నా చేతులు పొట్టివి. వెడల్పంతా ముందు ఉన్న తెప్ప మీద తెడ్డు నీటికి అందాలంటే పక్కకు బాగా వంగాలి. తెడ్డు పాదాలకు ఎంత దూరంగా పడితే తెప్ప ముక్కు అంత పక్కకు తిరుగుతుంది. కుడి పక్క వేస్తే ఎడమకు, ఎడమ పక్క వేస్తే కుడికి. దమ్ము అయిపోయేది, ఒడ్డు మాత్రం అక్కడే ఉండేది. తూలినప్పుడల్లా మోకాళ్ల మీద పడేదాన్ని. ఒడ్డున నా మొగుడు ఎడమ చేత్తో రాళ్లు పోగేసుకుని కూర్చునేవాడు. నా మోకాలు ఆనితే రాయి వచ్చేది.

"మోకాలు లేపే. అది ఆనితె మన గంజి బాయె."

ఒక రాయి నా చెవికి తగిలి రక్తం కారింది. తెప్ప మీద పడిన ఆ రాయినే తీసి విసిరాను. ఆయన ముంగాలికి తగిలింది. కాలు పట్టుకుని నవ్వాడు. చెయ్యి పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

"గురి మంచిగుంది. నడకనే లేదు," అన్నాడు.

కొత్త తెప్ప కట్టాలని అప్పుడు అనుకున్నాం. వనపర్తి చేపల అంగట్లో పగిలిన ఐసు పెట్టెల థర్మాకోల్ పారేస్తారు. అది ఏరుకుని, తాళ్లతో కట్టి, బస్సు మీద వేసుకుని తెచ్చాను. ఎట్లా కోయాలో నా మొగుడు చెప్పాడు.

"చేపను జూసి కొయ్యి. నీళ్లల్ల దానికంటె ఎవనికి తెలుసు?"

చేపల వాళ్లం కదా, మాకు అన్నిటికీ చేపే గురువు. బొచ్చె చేపను నేల మీద పెట్టి, దాన్ని చూస్తూ రంపంతో కోశాను. తల వెనక బాగా వెడల్పు, అక్కడి నుంచి తగ్గుతూ తగ్గుతూ తోక సన్నం. చూడటానికి ముచ్చటగా ఉంది. నీళ్లలో వేసి నిలబడి ఒక్క అడుగు వెనక్కి వేశానో లేదో సన్నటి తోక మునిగింది, ముక్కు ఆకాశానికి లేచింది, లేచిన ముక్కును గాలి నెట్టింది. నేను తూలి, మొఖం మొద్దుకు కొట్టుకునేలా పడ్డాను. పై పళ్లు రెండు పోయాయి.

ఒడ్డుకు వచ్చి రక్తం ఉమ్మి మొగుడితో అన్నాను. "చేప ఈపు మీద మనిషి నిలవడడు. ఆ మాట నీ గురువును అడిగినవా?"

ఆయన దగ్గర రాళ్లు ఆ రోజు అయిపోయినట్టున్నాయి.

వేరే దారి లేక ఆ చేప తెప్ప మీదనే తూలుతూ నేర్చుకుంటున్నాను. ఒకరోజు పొద్దెక్కాక మరిది తన తెప్ప మీద వచ్చాడు. పలకరించలేదు. చేతిలోని వెదురు గడెతో నా తెప్ప ముక్కు మీద బాదాడు. తెప్ప గిర్రున తిరిగింది. రెండో దెబ్బ నా వీపు మీద పడింది. మూడోది తలకు వస్తోంది. తెప్పను తిప్పుకునే తీరిక లేదు. ఉన్నచోటే నేను తిరిగి, తోక వైపు మొఖం పెట్టి తెడ్డు వేశాను.

తెప్ప తిన్నగా పోయింది.

ఇంకో పక్కకు మార్చి వేశాను. అయినా తిన్నగానే పోయింది. వెనక అతను బూతులు తిడుతూ వస్తున్నాడు. నేను మొద్దుల్లోకి పోయాను. రెండు మొద్దుల మధ్య సందులోంచి బయటపడ్డాను. అతని వెడల్పు ముక్కు తెప్ప ఆ సందులో ఇరుక్కుంది. మనిషి మాత్రం ఆగలేదు, ఎగిరి మొద్దుకు గుద్దుకున్నాడు. గడె విరిగింది. తిట్లు ఆగాయి.

ఒడ్డున వీపు మండుతుంటే బోర్లా పడుకుని ఆ తెప్పనే చూశాను. ముందు భాగం సన్నగా ఉంటే తెడ్డు పాదాల దగ్గరే పడుతుంది, కాబట్టి ముక్కు తిరగదు. వెడల్పు నా వెనక ఉంటే తెడ్డు లాగినప్పుడు వెనక్కి పోయే బరువును అది మోస్తుంది. పుట్టిలా అంతా గుండ్రంగా ఉన్నది తిరగడానికి, పక్కలు నిలువుగా ఉన్నది సాగడానికి. నాకు రెండూ కావాలి, సాగడం ఎక్కువ కావాలి.

మర్నాడు రంపం పట్టాను. తోక కొన కోసేసి ముందు భాగం చేశాను. మరీ మొన తేలితే అలలోకి దూరుతుందని దాన్ని బొటనవేలిలా గుండ్రం చేశాను. నడుము దగ్గర పక్కలు తిన్నగా ఉంచాను. నా మడమలకు జానెడు వెనక అన్నిటికన్నా ఎక్కువ వెడల్పు వదిలాను. అక్కడి నుంచి చివరిదాకా పెద్దగా తగ్గించలేదు.

"తలకిందులు బెట్టినవ్. ఊరంత నవ్వుతది," అన్నాడు నా మొగుడు.

"నవ్వనియ్. పళ్లు పోయింది నాకు. వాళ్లకున్నయిగ."

ఎర్రనీళ్లు వచ్చాయి, తేరుకున్నాయి. గంగమ్మ రోజు వచ్చింది. చీర గోచి పెట్టి, మోకాళ్లు బయటకు కనిపించేలా కట్టుకున్నాను. పెద్దమనిషి పసుపు గిన్నె పట్టుకుని నా తెప్ప చుట్టూ తిరిగాడు.

"ఏందమ్మ ఇది, ఏది తల, ఏది తోక?"

"నేను యాడికి జూస్తె అదే తల, మామా."

పసుపు పూశాడు. నేను ఎక్కాను. పసుపుకు పాదాలు జారుతున్నాయి గానీ తెప్ప కదలకుండా ఉంది. వల పరుస్తూ పోయాను. ఒడ్డున మరిది లేడు. అది నాకు బాగా అనిపించలేదు.

హద్దు మొద్దు దగ్గరికి వెళ్లాక తెలిసింది. దాని వెనక మెడ దాకా నీళ్లలో ఉన్నాడు. నేను మలుపు తీసుకుంటుంటే తెప్ప తోకను రెండు చేతులతో పట్టి, ఒళ్లంతా వేసి కిందికి లాగాడు. నన్ను చంపాలని కాదు. నా మోకాళ్లు ఆనితే చాలు అతనికి.

పాత తెప్ప అయితే అక్కడే అయిపోయేది. ఈ తోక వెడల్పు. అతని బరువుకు కొంత దిగింది, మునగలేదు. నేను ఒక అడుగు ముందుకు వేసి మోకాళ్లు వంచాను, ఆనించలేదు. తోక దిగి ముక్కు లేచింది కాబట్టి తెప్ప అతని చేతుల మీదనే తిరగడానికి వీలు దొరికింది. ఒక్క తెడ్డు గట్టిగా వేశాను. తెప్ప తిరిగింది, తోక పట్టుకున్న కుడి చెయ్యి పక్కకు మెలిపడి అంచు మీదికి వచ్చింది. వెనక్కి తిరిగితే మోచెయ్యి నా ఎదుట ఉంది.

"ఇడువు," అన్నాను.

"నీ యబ్బ, పడు," అన్నాడు.

తెడ్డు అంచుతో కొట్టాను. ఎండు కంప విరిగిన చప్పుడు వచ్చింది. విడిచాడు. నేను తెడ్డు అందించలేదు. మొద్దు పక్కనే ఉంది, రెండో చేత్తో పట్టుకున్నాడు. నాకు ఇంకా సగం వల పరిచే పని ఉంది.

ఒడ్డుకు చేరగానే మరిది తరఫువాళ్లు మోకాళ్లు ఆనాయని గొడవకు దిగారు. ఒకడు నా జుట్టు పట్టుకున్నాడు. వాడి చెయ్యి కొరికాను. పళ్లు రెండు తక్కువైనా మిగిలినవి పనికొచ్చాయి. పెద్దమనిషి అందరినీ తోసి నా ముందు గొంతు కూర్చుని చూశాడు.

"పాదాలకే పసుపుంది. మోకాళ్లు నల్లగనె ఉన్నయి. నీళ్లు ఈ ఇంటియే. ఇంక మాట లేదు."

ఆ రోజంతా మా అత్త నాతో మాట్లాడలేదు. పొద్దు గుంకే వేళ పళ్లెంలో అన్నం పెట్టి నా ముందుకు తోసింది.

"ఒక కొడుకు చెయ్యి బాంబు దిన్నది. ఇంకో కొడుకు చెయ్యి నువ్వు దిన్నవ్. ఇది గూడ దిను," అంది.

తిన్నాను. కూరలో ఉప్పు ఎక్కువైంది, అది కావాలని వేసిందో లేదో అడగలేదు.

మరిది ఎముక వంకరగా అతికింది. తర్వాతి వానలకు ముందు అతను థర్మాకోల్ దిమ్మెలు మోసుకొచ్చి మా వాకిట్లో పడేశాడు. నా మొఖం చూడలేదు.

"వదినె, నా తెప్ప తిరుగుతున్నది. ఒక్క దిక్కే తెడ్డు ఎయ్యొస్తది నాకు."

"తెలుసు. నేనె కొట్టిన."

"జర కోసియ్యి."

నా మొగుడు వద్దని కనుసైగ చేశాడు. నేను రంపం తీసుకున్నాను. ఒక్క పక్కనే తెడ్డు వేసేవాడికి గుండ్రం పనికిరాదు. అతనిది నాదానికన్నా పొడవు చేసి, పక్కలు గీత గీసినట్టు తిన్నగా కోసి, తెడ్డు పడేచోట సన్నం చేశాను. సులభంగా తిరగదు, కానీ సాగుతుంది.

నేను అతన్ని క్షమించానని ఊళ్లో కొందరు అన్నారు. కాదు. అతని నీళ్లు నా నీళ్ల పక్కనే ఉంటాయి. సగం చేతివాడు గిరగిరా తిరుగుతూ వచ్చి పడేది నా వల మీదనే.