ఆరు స్పీకర్లు, ఒక కొళాయి

చీమ చిటుక్కుమన్నా పట్టేస్తాడని ఆయన్ని అందరూ చెవుల మావయ్య అంటారు. పడకగది మూలనే పాటల స్టూడియో చేసుకున్నాడు. అక్కడి ఆరు స్పీకర్లనూ ఒక్క నాబ్‌తో పెంచి తగ్గించే పెట్టె తయారీయే ఇప్పుడాయన లోకం. రెసిస్టర్లను మీటరుతో కొలిచి, ఈడూజోడూ చూసి జతకడతాడు. టంకం వేసిన ప్రతిచోటా వేడిపాల మీద ఊదినట్టు ఊదుతాడు. ఈ మధ్యాహ్నం పెట్టె బిగించి, పాట పెట్టి, కళ్లు మూసుకుని నాబ్ పూర్తిగా తగ్గించాడు.

"వెనక ఎడమది ఇంకా గొణుగుతోందండీ," అంది అత్తయ్య, మంచం మీద బట్టలు మడతపెడుతూ.

విప్పి చూస్తే జత కాని రెసిస్టరొకటి దూరి ఉంది. మార్చి, మళ్లీ తిప్పాడు. ఆరూ ఒక్కసారే సద్దుమణిగాయి. మావయ్య ముఖం చేటంతయింది. ఆ నిశ్శబ్దంలో వంటింటి కొళాయి టప్... టప్‌మంది.

"నెల్నాళ్లుగా మొత్తుకుంటున్నా. వినబడిందా ఇప్పటికి?"

చెవుల మావయ్య నవ్వుతూ స్పానర్ వెతుక్కున్నాడు.